‘పదేళ్ల’ అబద్ధం



“అంబేద్కర్ రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టాడు. ఓట్ల కోసం నాయకులు పొడిగించుకుంటూ పోతున్నారు.” ఈ పోస్టరు మీ ఫోన్‌లోకి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. అడ్మిషన్లు మొదలైనా, ఉద్యోగ నోటిఫికేషన్ పడినా, ఏప్రిల్ 14 వచ్చినా మళ్లీ బయల్దేరుతుంది. ఈ భాగంలో దాని సంగతి చూద్దాం.

దీని బలమంతా అందులో ఉన్న ఒక నిజమైన అంకె. రాజ్యాంగం ఆర్టికల్ 334లో పదేళ్ల గడువు పెట్టిన మాట వాస్తవం. దేనికి పెట్టారు? లోక్‌సభలో, శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీల రిజర్వుడు సీట్లకు. 1960లో ముగియాల్సిన ఆ గడువును పార్లమెంటు పదేసి ఏళ్లు పొడిగిస్తూ వచ్చింది. 104వ సవరణ దాన్ని 2030 జనవరి దాకా తెచ్చింది. ఉద్యోగాలకు ఆధారం 16(4), చదువులకు ఆధారం 15(4). ఈ రెండింటిలో ఎక్కడా గడువు లేదు.

15(4) వచ్చిన తీరు చూడండి. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. జూన్‌కల్లా మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) వచ్చింది. అప్పటి న్యాయశాఖ మంత్రి అంబేద్కరే. చదువుల్లో పదేళ్లు చాలని ఆయన అనుకుని ఉంటే, ఆ గడువు అడగడానికి అంతకన్నా మంచి సమయం ఏముంది? చట్టసభల సీట్ల విషయంలోనైనా, షెడ్యూల్డ్ కులాలకు ఇంకా ఎక్కువ కాలం కోరడానికి తాను సిద్ధమేనని 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలోనే చెప్పారాయన.

ఆ చర్చలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయినా పోస్టరే గెలుస్తోంది. ఎందుకంటే చర్చ చదవడానికి గంట కావాలి, పోస్టరుకు మూడు సెకన్లు చాలు. ‘10’ అనే అంకెను దాని ఆర్టికల్ నుంచి కోసేసి, పక్కన బాబాసాహెబ్ ఫొటో అతికిస్తే అది సమాచారంలా కనిపిస్తుంది. కామెంట్లు, షేర్లు ఎక్కువైన కొద్దీ ఫేస్‌బుక్ ఆ పోస్టును మరింత మందికి చూపిస్తుంది. కోపంతో తిట్టిన కామెంటూ ఆ లెక్కలోకే వస్తుంది. వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక్కసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని పరిమితి పెట్టింది. దానివల్ల వేగం తగ్గొచ్చు గానీ, అబద్ధమేదో నిజమేదో ఆ పరిమితికి తెలియదు.

నష్టం ఎవరికి? హాస్టల్‌లో ఉంటూ, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లకు. గడువు తీరిన హక్కు మీద బతుకుతున్నానేమో అనుకుని ఆమె క్లాసులో తలొంచుకుంటుంది. ఆ తలొంపు కోసమే ఈ పోస్టరు.

కాబట్టి తిట్టడానికైనా దాన్ని షేర్ చేయకండి. పంపినవాళ్లను ఒకటే అడగండి: “ఏ ఆర్టికల్? ఏ క్లాజు?” జవాబు వచ్చేలోపు 15(4), 16(4) పాఠాన్ని అదే గ్రూపులో పెట్టండి.