తుంటి విరిగిన బిడ్డలు: గుడియాత్తము నుండి రాయవేలూరి దాక

మన తెలుగు కుటుంబములు గుడియాత్తమునందును, రాయవేలూరునందును తరతరములుగా స్థిరపడి యున్నవి. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఈ రెండు పట్టణములును, పుత్తూరును ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అందుచేత ఎముక విరిగెనన్నచో పుత్తూరు కట్టును తలచుట మన ఇండ్లలో పరిపాటి. వెదురు దబ్బలు, ఆకు పసరు, కోడిగ్రుడ్డు సొన, గుడ్డపీలికలు దాని సాధనములు.

ఇట్టి కట్ల ప్రస్తావన సుశ్రుత సంహితయందే కలదు. వెదురు, మద్ది, మేడి, రావి మొదలగువాని దబ్బలతో కట్టవలెననియు, చలికాలమున ఏడు దినములకు, ఎండకాలమున మూడు దినములకు కట్టు మార్చవలెననియు అందు చెప్పబడినది. తొడ విరిగినవానిని పలకపై పరుండబెట్టి, కదలకుండ మేకులతో నిలుపు విధానము కూడ ఉన్నది. చిన్నవయసున విరిగిన ఎముక ఒక నెలలో అతుకునని ఆ గ్రంథము తెలుపుచున్నది. మన పెద్దలును అదే మాట చెప్పెడివారు. ముంజేతి విషయమున అది చాలవరకు సత్యము. తుంటి విషయమున మాత్రము ఆ మాటను నమ్మి కూర్చుండరాదు.

మా చిన్నతనమున గుడియాత్తమున మా వీధి బాలుడొకడు చింతచెట్టు నుండి పడెను. నూనె రుద్దిరి, దబ్బలు కట్టిరి, నలువది దినములు ఇంటనే పరుండబెట్టిరి. అతడు లేచి నడిచిన దినమున వీధియెల్ల సంతోషించెను. ఏడాది తిరుగకమునుపే కుంటు పట్టెను, కాలు పొట్టియయ్యెను. కట్టినవారు ప్రేమతోనే కట్టిరి. ఆసుపత్రి పది కోసుల దూరముననే యుండెను.

దీనికి కారణ మేమి? తొడ ఎముక తలకు నెత్తురు అందించు సన్నని నాళములు దాని మెడను అంటిపెట్టుకొని పైకి పోవును. బిడ్డలలో తలకును మెడకును నడుమ ఎదుగుదల పలక యుండుటచే క్రిందినుండి నెత్తురు నేరుగా తలలోనికి పోజాలదు. మెడ విరిగినప్పుడు ఆ నాళములు తెగినను, నలిగినను ఎముక తల చచ్చి క్రుంగిపోవును. మెడ వంగి అతుకుట, అసలే అతుకకుండుట, ఎదుగుదల ఆగి కాలు పొట్టియగుట తక్కిన చిక్కులు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు డెల్బే పేర ఈ విరుగుళ్లను నాలుగు తెగలుగా విభజింతురు. ఎదుగుదల పలకయొద్ద విరిగినది అన్నిటికంటె అపాయకరము. బిడ్డల విరుగుళ్లన్నిటిలో తుంటివి నూటికి ఒకటికంటె తక్కువ. కనుకనే పెద్దల యనుభవమునకు అవి చిక్కలేదు.

రాయవేలూరున డాక్టరు ఐడా స్కడరు 1900లో ఒక్క మంచముతో వైద్యము ప్రారంభించిరి. 1902లో 40 మంచముల షెల్ ఆసుపత్రి వెలసినది. రోగులు రాలేనిచో వైద్యమే వారికడకు పోవలెనని తలచి, ఆమె వారమునకొకసారి గుడియాత్తము దారిలో చెట్లనీడన మందులిచ్చుచు పోయెడివారు. 1909 ప్రాంతమున వచ్చిన చిన్న ప్యూజో మోటారు ఆ పనికే ఉపయోగపడినది. 1946లో డాక్టరు పాల్ బ్రాండు వచ్చిన పిదప ఎముకల శస్త్రవైద్యము అచ్చట వన్నెకెక్కినది.

నేడు ఇట్టి బిడ్డకు ఎక్సురే తీసి, మత్తిచ్చి, ఎముకను సరిదిద్ది, లోహపు మరలతోగాని సూదులతోగాని బిగింతురు. పసివారికి నడుము నుండి కాలి దాక ప్లాస్టరు వేయుదురు. ఇది 24 గంటల లోపల జరుగుట మేలని వైద్యుల యభిప్రాయము. వంగి అతికిన మెడను ఎముక కోసి తిరిగి నిలుపుటయు కలదు. కాని ఎంత చక్కగా బిగించినను తల చచ్చిపోవచ్చును. ఆ సంగతి నెలల తరువాతనే బయటపడును. కావున నడక వచ్చినదని మానక, రెండేండ్లైనను చూపించుచుండవలెను.

పుత్తూరు కట్టుపై మాకు గౌరవము లేకపోలేదు. అయినను బిడ్డ చెట్టునుండియో, మిద్దెనుండియో, బండి తగిలియో పడి, గజ్జలో నొప్పియని ఏడ్చుచు నిలువలేనిచో, రుద్దవలదు, కాలు లాగవలదు, బల్లపై పరుండబెట్టి ఆ దినముననే ఆసుపత్రికి చేర్చవలెను. ఒకనాడు వైద్యము మన గుమ్మమునకు వచ్చిన దారి అదే. ఆ దారిని మనము సకాలమున నడువవలెనని మా మనవి.