కరణముగారి దస్త్రము

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మన డెల్టాలో నీటితోపాటు లెక్కలును పెరిగినవి. ఏ చేను ఎవరి సాగులో నున్నదో అడంగలు చెప్పవలెను. అది సర్కారు లెక్కయే. ఉండెడిది మాత్రము కరణముగారి యింట. ఆయన మంచివాడైనచో చూపును, కానిచో రైతు అరుగుమీద కాచుకొనవలసినదే! చూచు హక్కుగలవానికి రుసుముపై నకలీయవలెనని 1872 నాటి సాక్ష్య చట్టము చెప్పినది. ఆ హక్కెవరిదన్నదే తగవు.

1984 జనవరిలో ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేయగా దస్త్రముల అప్పగింత పలుచోట్ల వివాదమయ్యెను. రద్దు చెల్లునని 1985లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. కాని దస్త్రము కచేరీకి చేరినంతమాత్రమున రైతు కంటబడునా? 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. కారణము చెప్పనక్కరలేకయే నకలు కోరవచ్చును. 30 దినములలో బదులీయవలెను. మన రాష్ట్రమున గ్రామస్థాయి కచేరీలో ఆ దరఖాస్తునకు రుసుము లేదు.