గోడలు లేని ఫ్యాక్టరీ

నరసాపురం లేసు వ్యాపారులు ఫ్యాక్టరీ కట్టలేదు. కట్టాల్సిన అవసరమూ రాలేదు. గోదావరి డెల్టాలోని ఇళ్ల అరుగులే వాళ్ల షెడ్లు.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారు. తర్వాత అది ఎగుమతి వ్యాపారమైంది. పద్ధతి తేలిక. ఎగుమతిదారు నూలు కొని ఏజెంటుకిస్తాడు. ఏజెంటు ఊరూరా పంచుతాడు. ఒకావిడ సన్నటి కొక్కెం సూదితో పువ్వులు అల్లుతుంది, మరొకావిడ వాటిని కలిపి టేబుల్ క్లాత్ చేస్తుంది. కూలి ముక్కల లెక్కన. అద్దె, కరెంటు బిల్లు, సరుకు ఆడనప్పుడు జీతాల బరువు, ఏవీ వ్యాపారికి లేవు. అవుట్‌సోర్సింగ్ అన్న మాట మన నోట పడక చాలా ముందే ఇదంతా!

మార్కెట్టేమో యూరప్‌లో, అమెరికాలో. కొనేవాళ్లెవరో అల్లినావిడకు తెలియదు, ధర అంతకన్నా తెలియదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. రోజంతా అల్లుతున్నా వీళ్లను ‘ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవాళ్లు’గానే లెక్కేశారని ఆమె విమర్శ. అది న్యాయమైనదే. వ్యాపారి లాభానికి మూలం ఆ లెక్కే.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.