రోగి బతుకుకు కొలమానం

సరిహద్దు జిల్లాల వాళ్లం మనకు బొంబాయి, అంటే ఇప్పటి ముంబై, పరాయి ఊరు కాదు. 18వ శతాబ్ది చివరి నుంచి నిజాం ఇలాకా వదిలి వెళ్లి, మట్టి మోసి, రాళ్లు కొట్టి ఆ నగరాన్ని కట్టిన కామాఠీల పేరే కామాఠీపురకు వచ్చింది. తర్వాత మన పద్మశాలీలు మిల్లుల్లో చేరి పరేల్, వర్లీ చాళ్లలో కాపురం పెట్టారు. ఆ పరేల్‌లోనే 1941లో టాటా మెమోరియల్ ఆస్పత్రి వెలిసింది. 1983లో డాక్టర్ సురేష్ అద్వానీ అక్కడ దేశంలో తొలి ఎముక మూలుగ మార్పిడి చేశారు.

రక్త క్యాన్సర్ వంటి జబ్బులకు చేసే ఈ చికిత్సలో ముందుగా ఘాటైన మందులతో పాడైన మూలుగను అణచివేస్తారు. ఆపైన మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి నాటుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతదాకా నోటిపూత, వాంతులు, నిద్రలేమి, అన్నిటికీ మించి ఒంటరి గది. వరండా అంతా ఒకే కుటుంబంలా బతికే చాళ్ల మనిషికి ఆ ఒంటరితనం ఎంత బరువో ఆలోచించండి.

ఈ బాధను కొలవడం ఎలా? 1940లలో కార్నోఫ్‌స్కీ అనే అమెరికా వైద్యుడు సున్నా నుంచి నూరు దాకా ఒక కొలత పెట్టాడు. అయితే మార్కులు వేసేది వైద్యుడే. 1990లలో పద్ధతి మారింది. మార్పిడి రోగుల కోసమే ప్రశ్నపత్రం తయారైంది. గడిచిన ఏడు రోజుల్లో ఒళ్లు, మనసు, ఇంటివారి తోడు, పని చేసుకునే శక్తి ఎలా ఉన్నాయో రోగే సున్నా నుంచి నాలుగు దాకా గుర్తించాలి.

దీనివల్ల ఒరిగిందేమిటి? 2016లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 160 మంది మార్పిడి రోగులను పరిశీలించారు. రెండు వారాలకు రోగుల సగటు మార్కులు పడిపోయాయి. కానీ బాధోపశమన వైద్యులు కూడా వారానికి కనీసం రెండుసార్లు వచ్చి చూసినవారికి తక్కువగా పడ్డాయి. కొలిచారు కాబట్టే ఆ తేడా తెలిసింది.

అయితే ఈ కొలతకు ప్రాణం భాష. మన పెద్దవాళ్లు "పానం మంచిగ లేదు" అంటారు. అది జ్వరమా, నీరసమా, దిగులా? మరాఠీ బడిలో చదివిన మనుమడు నర్సుకు ఒక్క ముక్కలో "తబియత్ ఠీక్ నహీ" అని చెబితే, తాత దిగులు కాగితం మీదికి ఎక్కదు. ఇలాంటి ప్రశ్నపత్రాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. మీవాళ్లు అక్కడ చేరితే వాటిని అడగండి. జవాబు మాత్రం రోగినే చెప్పనివ్వండి. పక్కనుండి "అంతా బాగే" అని మనం అందించవద్దు.