మేరీ కోమ్ వర్సెస్ నిఖత్ జరీన్: ఇద్దరూ పీక్ ఫామ్‌లో తలపడి ఉంటే గెలుపు ఎవరిది?

విశాఖపట్నం: మేరీ కోమ్ గొప్పా? నిఖత్ జరీన్ గొప్పా? బాక్సింగ్ ఫ్యాన్స్ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఇది. 2019 ట్రయల్స్‌లో మేరీ 9-1తో గెలిచింది కదా, ఇంకా చర్చ ఎందుకు అనేవాళ్లు కొందరు. అప్పటికి నిఖత్ అసలు ఆట మొదలే కాలేదని మరికొందరు. ఇంతకీ రికార్డులు ఏం చెబుతున్నాయి?

విశాఖతో లింకు ఏంటి?

నిఖత్ జరీన్‌ది నిజామాబాద్. 1996 జూన్ 14న పుట్టింది. నాన్న జమీల్ అహ్మద్ ప్రోత్సాహంతో గ్లోవ్స్ తొడుక్కుంది. 2009లో విశాఖలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రంలో చేరింది. అప్పుడు ఆమె వయసు 13 ఏళ్లు. కోచ్ ఐ.వెంకటేశ్వరరావు దగ్గర ఓనమాలు దిద్దుకుంది. ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఈ కోచ్‌ను బాక్సింగ్ వర్గాల్లో ఐ.వి.రావు అంటారు. విశాఖకు వచ్చిన రెండేళ్లకే, అంటే 2011లో, టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ కొట్టేసింది.

ఇక్కడో విశేషం ఉంది. మేరీ కోమ్ తన తొలి ప్రపంచ స్వర్ణం గెలిచింది కూడా అదే అంటాల్యాలో, 2002లో.

ఎవరి పీక్ ఎప్పుడు?

మేరీది మణిపూర్. 2001లో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడే రజతం అందుకుంది. తర్వాత 2002, 2005, 2006, 2008, 2010, 2018లో ఆరు స్వర్ణాలు సాధించింది. 2007లో కవలలకు జన్మనిచ్చి, మరుసటి ఏడాదే చైనాలో మళ్లీ ఛాంపియన్ అయింది. 2005 నుంచి 2010 వరకు జరిగిన నాలుగు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలోనూ స్వర్ణం ఆమెదే. మేరీ పీక్ అంటే ఇదే.

నిఖత్ పీక్ 2022, 2023. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో టోక్యో ఒలింపిక్స్ రజత విజేత, టర్కీ బాక్సర్ బుసె నాజ్‌ను ఓడించి, ఆ తర్వాత స్వర్ణం గెలిచింది. మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జుటామస్‌పై 5-0తో గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్. మేరీ తర్వాత ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన భారత మహిళ నిఖతే.

2019లో ఏం జరిగింది?

2019 మేలో గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్ సెమీస్‌లో మేరీ 4-1తో నిఖత్‌ను ఓడించింది. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు మేరీని ట్రయల్స్ లేకుండానే పంపారు. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కూ అలాగే పంపుతారన్న వార్తలు రావడంతో నిఖత్ అప్పటి క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. స్థానం ఇమ్మని కాదు, పోటీ పెట్టమని అడిగింది. దీనిపై పెద్ద దుమారమే రేగింది. చివరకు డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది. బౌట్ తర్వాత ప్రత్యర్థికి చేయి కలపలేదు.

ఆ రోజు మేరీ వయసు 37, నిఖత్ వయసు 23. ఒకరు పీక్ దాటేశారు, ఇంకొకరు పీక్‌కు చేరనే లేదు. అందుకే ఆ ఫలితం ఆ రోజు ఎవరు మెరుగో చెబుతుంది తప్ప, అసలు ప్రశ్నకు జవాబు ఇవ్వదు. ఇంకో మాట, 9-1 అంటే మేరీ తొమ్మిది పంచ్‌లు కొడితే నిఖత్ ఒక్కటే కొట్టిందని కాదు. అది జడ్జిల ఓట్ల లెక్క. తక్కువ తేడాతో సాగిన బౌట్‌కు కూడా అలాంటి స్కోరు రావచ్చు.

బరువు దగ్గరే అసలు కిటుకు

మేరీ ఆరు ప్రపంచ స్వర్ణాలూ 45, 46, 48 కిలోల్లోనే వచ్చాయి. ఒలింపిక్స్‌లో ఆ విభాగాలు లేవు. 2012లో మహిళల బాక్సింగ్‌ను చేర్చినప్పుడు అతి తక్కువ బరువు 51 కిలోలు. దాంతో మేరీ తనకంటే పెద్ద శరీరం ఉన్నవాళ్లతో తలపడాల్సి వచ్చింది. లండన్ సెమీస్‌లో నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. అలాగని 51లో తేలిపోయిందనీ అనలేం. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఆ బరువులోనే స్వర్ణం గెలిచింది.

నిఖత్ ప్రపంచ టైటిళ్లు 52, 50 కిలోల్లో వచ్చాయి. అంటే 48 కిలోల్లో పోటీ పెడితే మేరీదే పైచేయి. 52లో పెడితే మొగ్గు నిఖత్ వైపే. మధ్యలో 51 దగ్గరే చర్చంతా.

స్టైల్, రూల్స్ కూడా వేరే

మేరీ సౌత్‌పా, అంటే ఎడమచేతి వాటం స్టాన్స్. ప్రత్యర్థిని ముందుకు రానిచ్చి, ఖాళీ దొరకగానే కౌంటర్ కొట్టి తప్పుకుంటుంది. నిఖత్ కుడిచేతి వాటం. దూరం చూసుకుంటూ నేరుగా పంచ్‌లు విసరడం ఆమె బలం. లండన్‌లో నాలుగు రౌండ్లు, రెండేసి నిమిషాలు. తగిలిన పంచ్‌లను కంప్యూటర్‌లో లెక్కించేవారు. నిఖత్ కాలానికి మూడు రౌండ్లు, మూడేసి నిమిషాలు. రౌండ్‌కు 10 పాయింట్ల పద్ధతి వచ్చింది. పాత రూల్స్ మెరుపు కౌంటర్లకు, కొత్తవి రౌండంతా పట్టు నిలిపేవారికి ఎక్కువ కలిసొస్తాయి.

ఒలింపిక్స్ లెక్క తీస్తే మేరీదే ఆధిక్యం. పారిస్‌లో నిఖత్ ప్రీక్వార్టర్స్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5తో ఓడింది. వు యు ఆ తర్వాత స్వర్ణమే గెలిచింది.

నెల రోజుల తేడా

ఇస్తాంబుల్‌లో నిఖత్ గెలిచిన నెలలోపే, 2022 జూన్ 10న కామన్వెల్త్ ట్రయల్స్‌లో మేరీ మోకాలికి గాయమైంది. ఆ తర్వాత ఆమె అంతర్జాతీయ రింగ్‌లో మళ్లీ కనిపించలేదు. ఒకరి శకం మొదలవుతుండగానే ఇంకొకరి శకం ముగిసింది.

కాబట్టి పీక్ వర్సెస్ పీక్ ఫైట్ ఎప్పటికీ ఊహే. ఘనతల్లో మేరీని దాటడం కష్టం, 50 కిలోలు పైబడితే నిఖత్‌ను తీసిపారేయడం కూడా అంతే కష్టం. అయితే 2019 తేల్చిన విషయం ఒకటుంది. ఎంత పెద్ద రికార్డు ఉన్నా జట్టులో చోటు రింగ్‌లోనే తేలాలి. ట్రయల్ అడిగిన అమ్మాయి ఆ రోజు ఓడిపోయింది. రెండున్నరేళ్లు తిరక్కుండానే ప్రపంచ ఛాంపియన్ అయింది. విశాఖలో ఇప్పుడు గ్లోవ్స్ తొడుక్కుంటున్న పిల్లలకు ఈ చర్చలో పనికొచ్చే పాయింట్ ఇదే.