క్రిస్టియన్ ఎండీవర్ ఉద్యమం

ప్రొటెస్టంట్ సంఘాల్లో యవ్వనస్థుల పరిచర్యకు ఒక స్థిరమైన రూపం ఇచ్చిన ఉద్యమం క్రిస్టియన్ ఎండీవర్. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, పోర్ట్‌లండ్ పట్టణంలో ఒక పాస్టరు గారి ఇంట్లో మొదలై పాతికేళ్లలో ఖండాలు దాటింది. ‘క్రీస్తు కొరకు, సంఘం కొరకు’ అన్నది దాని నినాదం. యవ్వనస్థుల కూడికలో ఒకరు పాట ఎత్తుకోవడం, ఒకరు వాక్యం చదవడం, ఇంకొకరు లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పడం ఇవాళ మనకు మామూలు సంగతి. అప్పట్లో అది మామూలు కాదు.

నేపథ్యం

పిల్లలకు సండే స్కూలు అప్పటికే ఉంది. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ 1780లో పెట్టిన బడితో అది ఊపందుకుంది. పట్నంలో ఒంటరిగా బతికే కుర్రాళ్ల కోసం బట్టల దుకాణంలో పనిచేసే జార్జ్ విలియమ్స్, అతని స్నేహితులు 1844 జూన్ 6న లండన్‌లో వై.ఎం.సి.ఎ. స్థాపించారు. అయితే అది ఏ ఒక్క సంఘానికీ చెందినది కాదు. ఈ రెంటికీ నడుమ ఒక ఖాళీ మిగిలింది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి సండే స్కూలు బల్ల ఇరుకైపోయేది. పెద్దల ప్రార్థన కూడికకు వెళ్తే నోరు విప్పే వంతు వచ్చేది కాదు. బ్రూక్లిన్‌లో థియోడోర్ కైలర్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు 1867లో తన సంఘంలో యువజనులకు ప్రత్యేకంగా ఒక సమాజం ఏర్పరిచారు. తనకు దారి చూపిన వాటిలో అదొకటని ఎండీవర్ స్థాపకుడు తరవాత ఒప్పుకున్నారు.

ఆ స్థాపకుడు ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ క్లార్క్. 1851 సెప్టెంబర్ 12న కెనడాలోని ఐల్మర్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే పాస్టరుగా ఉన్న మేనమామ పెంచుకున్నాడు. క్లార్క్ అన్న ఇంటిపేరూ మేనమామదే. డార్ట్‌మత్‌లో డిగ్రీ, ఆండోవర్‌లో వేదాంత విద్య ముగించుకుని 1876లో పోర్ట్‌లండ్‌లోని విల్లిస్టన్ సంఘానికి కాపరిగా వచ్చారు.

ఆ సాయంత్రం

1881 జనవరిలో జరిగిన ప్రార్థనా వారంలో విల్లిస్టన్ సంఘపు పిల్లలు చాలామంది మారుమనస్సు పొందారు. సంతోషం వెంటే కాపరికి దిగులూ పట్టుకుంది. ఈ వేడి చల్లారకముందే వీళ్లకు ఏ పని అప్పగించాలి? అంతకుముందు ఆయన కుర్రాళ్ల కోసం చేసిన ప్రయత్నాలు ఏవీ ఎక్కువ కాలం నిలవలేదు. కాస్త నిలిచినదేదైనా ఉందంటే, ఆయన భార్య హారియట్ నడిపిన ‘మిస్పా సర్కిల్’ అనే చిన్న మిషనరీ బృందం. ఉద్యమ చరిత్రలు క్లార్క్ పేరుతోనే మొదలవుతాయి గానీ, పిల్లలు అప్పటికే ఆ గడప తొక్కడానికి అలవాటుపడింది ఆవిడ వల్ల.

ఫిబ్రవరి 2 సాయంత్రం పిల్లలందరినీ పాస్టరు గారింటికి రమ్మన్నారు. ఆవిడ బిస్కెట్లు చేసి పెట్టారు. తినడాలూ నవ్వులూ అయ్యాక క్లార్క్ తాను రాసిన నియమావళి చదివి వినిపించారు. గది ఒక్కసారిగా మూగబోయింది. సభ్యులు ప్రతి కూడికకూ రావాలి, వచ్చినవారు ప్రతిసారీ ఏదో ఒక విధంగా పాలు పంచుకోవాలి అన్న షరతు వాళ్లకు గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. సండే స్కూలు ఉపాధ్యాయుడు పెన్నెల్ ముందుగా లేచి సంతకం చేశాడు. ఆయన క్లాసు కుర్రాళ్లు ఆయన వెనకే వెళ్లారు. తక్కినవాళ్లు ఒకరొకరుగా కదిలారు.

పద్ధతి

వాళ్లు సంతకం పెట్టిన ఈ ప్రమాణమే ఉద్యమానికి వెన్నెముక. తరవాతి కాలంలో స్థిరపడిన పాఠంలో రోజూ ప్రార్థన, బైబిలు పఠనం కూడా చేరాయి. కూడికలో పాలు పంచుకోవడమంటే అందరితో కలిసి పాడటం కాదు. చిన్న ప్రార్థనో, ఒక వచనమో, ఒక్క వాక్యం సాక్ష్యమో సొంతంగా పలకాలి. మానేయాలంటే ప్రభువుకు మనస్సాక్షిగా చెప్పుకోగల కారణం ఉండాలి. నెలకోసారి జరిగే సమర్పణ కూడికలో పేర్లు పిలిచేవారు. కారణం చెప్పకుండా వరసగా మూడుసార్లు రాకపోతే సభ్యత్వం పోయేది.

ఇది ఎంత కఠినమో అంత ఆదరణ కూడా. మాటకారి ఒక్కడే గంటసేపు మాట్లాడే కూడికలో బెరుకు మనిషి జీవితాంతం బెరుకుగానే ఉండిపోతాడు. ఇక్కడ వంతు తప్పదు, కాబట్టి నత్తిగా పలికినవాణ్ణి చూసి నవ్వేవారు ఉండరు. పక్కవాడి వంతు ఎలాగూ వస్తుంది. ఆడపిల్లలకూ అదే ప్రమాణం, అదే వంతు. స్త్రీలు సభలో మాట్లాడకూడదనే సంఘాలు ఎన్నో ఉన్న కాలంలో ఇది చిన్న విషయం కాదు.

పనిని కమిటీలుగా పంచుకున్నారు. ప్రార్థన కూడికల కమిటీ ఒకటి, కొత్తవారిని చేర్చుకుని, జారిపోతున్నవారిని వెతికి పలకరించే ‘లుకౌట్’ కమిటీ మరొకటి, వచ్చినవారు పరాయివాళ్లలా కూర్చోకుండా చూసే సోషల్ కమిటీ ఇంకొకటి. పెద్దలు పక్కన ఉంటారు గానీ పగ్గాలు కుర్రాళ్లవే.

విస్తరణ

అదే ఏడాది ఆగస్టులో బోస్టన్ పత్రిక ‘కాంగ్రిగేషనలిస్ట్’లో క్లార్క్ రాసిన వ్యాసం వచ్చింది. అక్టోబరుకల్లా మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో రెండో సమాజం ఏర్పడింది. 1884లో అయోవా రాష్ట్రం టేబర్‌లో చిన్నపిల్లలకు జూనియర్ శాఖ పెట్టారు. 1887లో క్లార్క్ కాపరి పని వదిలి ఉద్యమానికి అధ్యక్షుడయ్యారు. 1895 బోస్టన్ మహాసభకు 56 వేల పైచిలుకు ప్రతినిధులు వచ్చారు. 1906 నాటికి ప్రపంచమంతటా 67 వేల సమాజాలు, 40 లక్షలకు పైగా సభ్యులు.

ఈ పెరుగుదల చూసి తెగలు ఊరుకోలేదు. మెథడిస్టులు 1889లో క్లీవ్‌లాండ్‌లో ఎప్‌వర్త్ లీగ్, బాప్టిస్టులు 1891లో తమ యువజన యూనియన్, లూథరన్లు 1895లో లూథర్ లీగ్ పెట్టుకున్నారు. అన్ని తెగల పిల్లలూ ఒకే చోట కూర్చోవాలన్న క్లార్క్ ఆశకు ఇది గండి. పద్ధతి మాత్రం అందరూ ఆయనదే తీసుకున్నారు.

దక్షిణాసియా, తెలుగు నేల

1884లోనే శ్రీలంకలోని జాఫ్నాకు ఎండీవర్ చేరింది. 1909 నవంబరులో నాలుగో ప్రపంచ మహాసభ ఆగ్రాలో జరిగింది. అంతకుముందు మూడూ వాషింగ్టన్, లండన్, జెనీవాల్లో జరిగాయి కాబట్టి ఆసియాకు అదే మొదటి అవకాశం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగు కేంద్రాల్లో ఎండీవర్ సమాజాలు వెలిశాయి. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో లూథర్ లీగ్ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

దీనికి పక్కనే పారిన మరో పాయ దోర్నకల్లుకు చేరింది. తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1895 నుంచి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాది యువకుల మధ్య తిరిగారు. 1903లో ఆయన, మిత్రులు కలిసి స్థాపించిన తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని పరిచర్యకు ఎంచుకుంది. 1912 డిసెంబర్ 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. కళాశాల విద్యార్థుల కోసం 1954లో వచ్చిన యు.ఇ.ఎస్.ఐ. ఈ వరసలో తరవాతిది. తెలుగు విద్యార్థులు దాన్ని ‘ఇ.యు.’ అనే పిలుస్తారు.

తగ్గుదల

1911లో సారా దుకాణాల్లేని దేశం 1920కల్లా రావాలని నినాదం ఎత్తుకున్న ఎండీవర్, 1920లో అమెరికాలో మద్యనిషేధం అమలయ్యేనాటికే వయసు మళ్లింది. ఒకప్పటి కుర్రాళ్లు నలభై దాటినా పదవుల్లోనే ఉన్నారు. ప్రమాణం కొత్త తరానికి బరువనిపించింది. 1927 మే 26న క్లార్క్ చనిపోయారు. 1940లలో యంగ్ లైఫ్, యూత్ ఫర్ క్రైస్ట్ వచ్చాయి. పెద్ద సభలూ సంగీతమూ ముందుకొచ్చాయి. కుర్రాళ్లు నడుపుకున్న పనిని క్రమంగా జీతం తీసుకునే యూత్ పాస్టర్లు అందుకున్నారు.

1894లో బాట్ సాల్జుఫ్లెన్ పట్టణంలో మొదలైన జర్మనీ శాఖ నేటికీ చురుగ్గా ఉంది. కొరియాలో 1921లో ఆండోంగ్ సంఘంలో వేసిన విత్తనం ప్రెస్బిటేరియన్ యువజన సంఘాలుగా పెరిగింది. మన పల్లెల్లో యవ్వనస్థులు వారానికొకరింట్లో కూడుకుని, ప్రార్థన అయ్యాక ఆ ఇంటి అమ్మ ఇచ్చిన టీ, బిస్కెట్లు తీసుకునే అలవాటు ఇంకా ఉంది. పేర్లు పిలవడం మాత్రం చాలాచోట్ల ఆగిపోయింది.