ఐల్ రాయల్ తోడేళ్లు

అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవి తోడేళ్ల సమూహం — చిన్న, ఒంటరి క్షీరద సమూహాల్లో జన్యు వైవిధ్యం అడుగంటితే ఏమవుతుందో చెప్పడానికి శాస్త్రవేత్తలు తరచూ చూపే ఉదాహరణ. 1940ల చివర్లో కొన్ని తోడేళ్లు గడ్డకట్టిన సరస్సు మీదుగా నడిచి ఇక్కడికి చేరాయి. 1958 నుంచి వీటిపైనా, వీటి ప్రధాన ఆహారమైన మూస్ దుప్పులపైనా అధ్యయనం సాగుతోంది. 1980లో 50 దాకా ఉన్న తోడేళ్లు, కుక్కలతో వచ్చిందని భావించే పార్వో వైరస్ దెబ్బకు 1982 నాటికి 14కు పడిపోయాయి.

1997లో ఒక మగ తోడేలు మంచు దాటి వచ్చింది. కొత్త రక్తం తొలుత మేలే చేసింది. అయితే దాని సంతతి ఎంతగా పెరిగిందంటే, కొద్ది తరాల్లోనే జత కట్టడానికి దగ్గరి బంధువులు తప్ప వేరే తోడేళ్లు మిగల్లేదు. చనిపోయిన తోడేళ్ల ఎముకల్ని పరిశీలిస్తే, నడుము దగ్గరి వెన్నుపూసల్లో పుట్టు వైకల్యాలు అసాధారణంగా ఎక్కువ. వాతావరణం వేడెక్కి సరస్సు గడ్డకట్టడం అరుదవడంతో బయటి తోడేళ్ల రాకా తగ్గింది.

2016కల్లా రెండే మిగిలాయి: తండ్రీ కూతుళ్లు. పైగా రెంటికీ తల్లి ఒక్కటే! ఆపై పిల్లలు దక్కలేదు. మూస్ మంద మాత్రం విపరీతంగా పెరిగింది. ప్రకృతిని దాని మానాన వదలాలన్న వాదన ఉన్నా, 2018-19లో 19 తోడేళ్లను బయటి నుంచి తెచ్చి వదిలారు. వాటికి దీవిలోనే పిల్లలు పుట్టాయి.